దాదీ మసాలా డబ్బాలో వియత్నాం

ఆలూరులో మా ఖాలా ఇల్లు బీజాపూర్ రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉంటుంది. పాత ఇల్లు. మూరెడు మందం మట్టి గోడలు, పైన సున్నం. దివాన్‌ఖానాలో ఐదు తాఖ్‌లున్నాయి. తెలుగులో గూళ్లంటాం. ఒకదాంట్లో ఖుర్ఆన్ షరీఫ్, ఒకదాంట్లో ఊద్‌దాన్, ఒకదాంట్లో ఎవరూ వాడని పింగాణీ చాయ్ కప్పులు, మిగతా రెండింట్లో అచార్ మర్తబాన్‌లు. చిన్నప్పుడు సెలవులకి పోయినప్పుడు చివరి తాఖ్ నాకు అందేది కాదు. అందుకే మామిడికాయ అచార్ అందులో పెట్టేది ఖాలా.

మొన్న బక్రీద్ తర్వాత పోతే ఇంట్లో పంచాయితీ నడుస్తోంది. ఖాలా కొడుకు, అంటే నా ఖాలేరా తమ్ముడు, ఇంటిని కొత్తగా చేయిస్తున్నాడు. తాఖ్‌లు పూడ్చేసి గోడంతా సాఫ్‌గా చేసి తెల్ల రంగు వేయాలని ప్లాను. వాడి బిడ్డ గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ నౌకరీ చేస్తుంది. దోస్తులతో కలిసి హనోయి పోయి వచ్చింది. వెదురుతో అల్లిన లైటు బుట్ట ఒకటి, నీలం పువ్వుల గిన్నెలు ఆరు, చేపల రసం సీసా ఒకటి తెచ్చింది. ఆ రోజు రాత్రి అందరికీ తానే వండింది. వాళ్ల వంటకం పేరు ‘ఫో’. మన నోటికి ఫా, ఫోలకు మధ్యలో వస్తుంది. మేక నల్లీలు నాలుగు గంటలు ఉడికించిన షోర్బా, అందులో బియ్యప్పిండి సేవయ్యలు, పలచగా కోసిన గోష్, పైన పిడికెడు పుదీనా, కొత్తిమీర, ఉల్లికాడలు.

ఖాలా గిన్నెను దూరంగా జరిపింది. “యే హమారా ఖానా నై బేటా. చీన్ వాలోంకా. మేరేకూ నక్కో.”

పిల్ల ముఖం చిన్నబోయింది. “చిచ్చా, ఆప్ బోలో నా దాదీకూ” అని నా వైపు చూసింది. పాతికేళ్లు పేపర్లలో పనిచేసినవాణ్ణి, ఏదో ఒకటి చెప్పకపోతే ఇజ్జత్ పోతుంది. లేచి బావర్చీఖానాలోకి పోయి ఖాలా మసాలా డబ్బా తెచ్చి దస్తర్‌ఖాన్ మీద పెట్టాను. ఆ రాత్రి సగం సగం చెప్పిన మాటలు ఇక్కడ పూర్తిగా రాస్తున్నా.

డబ్బాలో ముందు చేతికి వచ్చింది అనాస పువ్వు. ఎనిమిది రెక్కల చుక్కలా ఉంటుంది కదా, అదే. మా ఖాలా ‘అనాస్ ఫూల్’ అంటుంది. నేను ఉర్దూ మీడియంలో చదివినప్పుడు మా మొహల్లాలో ఒక హకీమ్ సాబ్ ఉండేవారు. ఆయన నుస్ఖాలు చదివి పెట్టే పని కొన్నాళ్లు నాది. అందులో దీని పేరు ‘బాదియాన్-ఎ-ఖతాయీ’. బాదియాన్ అంటే ఫార్సీలో సోంపు. ఖతాయ్ అంటే చైనా. చైనా సోంపు అన్నమాట. తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకున్నాక అనాస అనే మాట ఎక్కడిదో తెలిసింది. అది దక్షిణ అమెరికాలోని ఆదివాసీల మాట. పోర్చుగీసు వాళ్లు ఆ పండుతో పాటు దాని పేరునూ ఓడలో వేసుకొచ్చారు. ఎండిన ఈ చుక్క ఎవరి కంటికో అనాస పండు పువ్వులా కనబడి ఉండాలి. ఒకే పువ్వు. ఉర్దూ దానికి చైనా అడ్రస్ రాసింది, తెలుగు బ్రెజిల్ వైపు అడ్రస్ రాసింది. అసలు చెట్టు మాత్రం దక్షిణ చైనాలోనూ, దాన్ని ఆనుకున్న వియత్నాం ఉత్తర కొండల్లోనూ పెరుగుతుంది. అక్కడి లాంగ్ సోన్ ప్రాంతం దీనికే పేరుపడింది. ఫో షోర్బాకి ప్రాణం ఈ పువ్వే. మన బిర్యానీకీ, బగారా ఖానాకీ ఇదే.

ఇంకో చిత్రం ఉంది. వియత్నామీలో ఈ పువ్వు పేరు ‘హోయ్’. ఇస్లాంని వాళ్లు ‘హోయ్ జావ్’ అంటారు. జావ్ అంటే మతం. చైనాలో ముస్లింలను హుయ్ అంటారు, ఆ మాటే అక్కడ హోయ్ అయింది. రాతలో రెండు హోయ్‌ల మూలాక్షరాలు వేరు, నోటికి మాత్రం శబ్దం ఒకటే. నేను ఇది చెప్తే ఖాలా “తోబా” అని నవ్వింది. అంతవరకూ నవ్వలేదు.

రెండోది దాల్చిన చెక్క. తెలుగు మాట అనుకుంటాం. ఫార్సీ ‘దార్-చీనీ’ నుంచి వచ్చింది. దార్ అంటే చెక్క, చీనీ అంటే చైనాది. ఇబ్న్ సీనా తన వైద్య గ్రంథం ‘అల్-ఖానూన్’లో దీన్ని దార్సీనీ అనే రాశాడు. వెయ్యేళ్ల కిందటి మాట. అసలు దాల్చిన శ్రీలంకది. పలచటి పొరలు, చుట్టలా చుట్టుకుని, వేలితో నలిపితే పొడి అవుతుంది. మన ఇళ్లలో ఉండేది ఎక్కువగా అది కాదు. మందంగా, గట్టిగా, కొరికితే నాలుక మీద మంట పుట్టించే చెక్క. అది కాసియా. ఇవాళ మన దేశానికి దిగుమతయ్యే కాసియాలో పెద్ద వాటా వియత్నాందే, మిగతాది చాలావరకు చైనా నుంచి. ఈసారి బేగంబజార్‌లో మసాలా కొనేటప్పుడు సేఠ్‌ని ‘మాల్ ఎక్కడిది’ అని అడిగి చూడండి. ఖాలా డబ్బాలోది విరిచి నోట్లో వేసుకున్నా. మండింది.

అంటే ఖాలా అరవై ఏళ్లుగా దావత్‌లకి వండిన ప్రతి బగారా దేగ్‌లో ఆ దూరదేశపు కొండల చెక్క, పువ్వు ఉడుకుతూనే ఉన్నాయి. ఆమె మనవరాలు చేసిందల్లా వాటిని ఇంకో షోర్బాలో వేయడం.

తాఖ్‌ల సంగతికి వస్తా.

రెండో తాఖ్‌లో ఊద్‌దాన్ ఉందన్నాను కదా. శుక్రవారం మగ్రిబ్ వేళకి నిప్పు కణిక మీద ఇంత ఊద్ వేస్తే ఇల్లంతా పరుచుకునే ఆ వాసన మనలో చాలామందికి పుట్టింటి వాసన. తెలుగులో అగరు అంటారు. క్రీ.శ. 851లో అరబ్బీలో కూర్చిన ‘అఖ్బారుస్సీన్ వల్‌హింద్’ అనే యాత్రికుల, వర్తకుల పుస్తకం ఉంది. అంటే ‘చైనా, హింద్ దేశాల ఖబర్లు’. ఓడ ఖలీజ్ నుంచి బయల్దేరి మలబారు మీదుగా చైనా పోయే దారిలో ‘సన్ఫ్’ అనే దేశం వస్తుందనీ, అక్కడి నుంచి ‘ఊద్-ఎ-సన్ఫీ’ తెస్తారనీ అందులో ఉంది. సన్ఫ్ అంటే చంపా. చంపా అంటే ఇవాళ్టి మధ్య, దక్షిణ వియత్నాం తీరం. అరబ్బీలో ‘చ’ లేదు, ‘ప’ లేదు. పాపం చంపా సన్ఫ్ అయిపోయింది. ఆ చంపా జనం వారసులైన చామ్‌లలో పెద్ద భాగం ఇవాళ ముస్లింలు. మెకాంగ్ నది దగ్గర చౌ డోక్ వైపు వాళ్ల మస్జిదులున్నాయి. పెద్దకూరతో చేసే సాసేజి ఒకటి వాళ్ల ప్రత్యేకం. దాని పేరు తుంగ్ లో మో, చామ్ భాష నుంచి వచ్చిందే. వియత్నాం వంట అనగానే పంది మాంసం, బియ్యం సారాయి గుర్తొచ్చి భయపడే మనవాళ్లకి ఈ సంగతి తెలియాలి. అక్కడా మన బాపతు వంటిల్లు ఉంది, వందల ఏళ్లుగా ఉంది. సీసాలోని చేపల రసం మీదా ఖాలాకి అనుమానమే. లేబుల్ చదివి వినిపించా, చేపలు, ఉప్పు, అంతే. వాసన సంగతి వేరు. దానికి నేను వకాల్తా పుచ్చుకోలేను.

తర్వాత మర్తబాన్. అచార్ జాడీకి ఉర్దూలో ఈ పేరు ఎందుకో స్కూల్లో ఎవరూ చెప్పలేదు. బర్మా తీరంలో మర్తబాన్ అనే రేవు ఉండేది. ఇప్పుడు మొత్తమ అంటారు. మెరుగుపూత పెట్టిన పెద్ద జాడీలు ఆ రేవు గుండా వచ్చేవి. జాడీకి రేవు పేరే నిలిచిపోయింది. ఇబ్న్ బతూతా తన రిహ్లాలో తవాలిసీ అనే దేశం గురించి చెప్తూ, అక్కడి షెహజాదీ తనకి మర్తబాన్‌లలో అల్లం, మిరియాలు, నిమ్మకాయలు, మామిడికాయలు ఉప్పులో ఊరవేసి ఇప్పించిందని రాశాడు. సముద్ర ప్రయాణానికి సామాను అది. ఆ తవాలిసీ ఎక్కడో పండితులకి ఇంకా పొత్తు కుదరలేదు, చంపా వైపే అన్నవాళ్లూ ఉన్నారు. ఎక్కడైతేనేం, 14వ శతాబ్దంలో మొరాకో ముసాఫిర్ చేతికి తూర్పు సముద్రంలో మామిడికాయ అచార్ అందింది. నాకేమో చివరి తాఖ్ అందలేదు.

పింగాణీ అనే మాట కూడా ఫార్సీ గుంపులోదే. పింగాన్ అంటే గిన్నె, అదే అరబ్బీలో ఫింజాన్ అయింది. ఉర్దూలో మనం చీనీ అంటాం. సుల్తానులు, నవాబులు ఈ చీనీ సామాను పెట్టడానికి గోడ నిండా చిన్నచిన్న గూళ్లు కట్టించేవాళ్లు. ఆ కట్టడాన్ని ‘చీనీఖానా’ అనేవాళ్లు. దౌలతాబాద్ ఖిలాలో చీనీ మహల్ ఉంది. దానికి ఆ పేరు అద్దిన నీలం, తెలుపు పలకల వల్ల వచ్చింది. 1687లో గోల్కొండ పడిపోయాక ఔరంగజేబు మన ఆఖరి కుతుబ్‌షాహీ సుల్తాన్ అబుల్ హసన్ తానాషాని ఖైదు చేసింది అందులోనే. ఆయన ఆఖరి రోజులు ఆ గోడల మధ్యే గడిచాయి. హైదరాబాద్‌లో అంత అందమైన పలకలు చూడాలంటే పత్తర్‌గట్టీ దగ్గర బాద్‌షాహీ ఆషూర్‌ఖానాకి పోవాలి. 1908 మూసీ వరద నీళ్లు అక్కడికీ వచ్చాయి. కింది వరుసల్లో పలకలు పోయిన చోట రంగులు వేసి సరిపెట్టారు.

ఇస్తాంబుల్ తోప్‌కాపీ మహల్లో ఉస్మానీ సుల్తానుల పింగాణీ ఖజానా ఉంది. అందులో నీలం పువ్వుల కూజా ఒకటి, దాని మీద రాసిన సంవత్సరం లెక్క కడితే 1450 అవుతుంది. చైనాది కాదు, వియత్నాంలో చేసింది. హోయాన్ రేవు ఎదుట సముద్రంలో 15వ శతాబ్దం చివర్లో మునిగిన ఓడని 1990ల చివర్లో తవ్వి తీస్తే 2 లక్షలకు పైగా పింగాణీ ముక్కలు బయటపడ్డాయి. దాదాపు అన్నీ వియత్నాం కుమ్మరుల పనే. ఇంకోటి, చైనా పింగాణీకి పేరు తెచ్చిన ఆ నీలం రంగు చైనాది కాదు. ఆ కోబాల్ట్ రాయి మొదట్లో ఇరాన్ నుంచి పోయేది. నీలం ఇక్కడి నుంచి పోయింది, గిన్నె అక్కడి నుంచి వచ్చింది. మా పిల్ల హనోయి నుంచి తెచ్చిన ఆరు గిన్నెలు ఆ ఖాందాన్‌లోవే. ఖాలా గోడలోని తాఖ్ చీనీఖానాకి పేద చుట్టం. వాడు పూడ్చేస్తానంటున్నది దాన్ని.

ఇప్పుడు ఆ షోర్బా కథ. ఫో అంత పాతదేం కాదు. ఫ్రెంచివాళ్ల పాలనలో, 20వ శతాబ్దం మొదట్లో హనోయి, నామ్ దిన్ వైపు పుట్టింది. అంతకుముందు అక్కడి రైతులకి ఎద్దు అంటే నాగలి కట్టేది, కోసేది కాదు. ఫ్రెంచివాళ్లు గోష్ ముక్కలు తిని ఎముకలు వదిలేసేవాళ్లు. ఆ ఎముకల షోర్బాలో చైనా వాళ్ల సేవయ్యలు పడ్డాయని కొందరంటారు. ఫ్రెంచివాళ్ల ఉడకబెట్టిన గోష్ వంటకం పేరే ఫో అయిందని ఇంకొందరు. మన దగ్గర హలీం మీద జరిగే బహస్ లాంటిదే ఇది. అరబ్బుల హరీస్ నిజాం ఫౌజులోని హద్రమీ సిపాయిలతో వచ్చిందని అందరికీ తెలుసు. బార్కస్ పేరే ఆ బ్యారక్స్ నుంచి పుట్టింది. అయినా 2010లో హైదరాబాదీ హలీంకి జీఐ గుర్తింపు దక్కినప్పుడు యెమెన్ వాళ్లెవరూ వచ్చి మాదేనని తగాదా పెట్టుకోలేదు.

1954లో వియత్నాంని ఉత్తరం, దక్షిణం అని రెండు ముక్కలు చేశారు. 8 లక్షలకు పైగా జనం ఉత్తరం వదిలి దక్షిణానికి పోయారు. ఫో వాళ్ల వెంట సైగాన్ పోయింది. అక్కడి జనం దానిలో తియ్యదనం, ఆకులు, మొలకలు కలిపారు. హనోయి వాళ్లు ఇప్పటికీ దాన్ని చూసి ముక్కు చిట్లిస్తారు. 1975లో సైగాన్ పడిపోయాక పడవలెక్కి పారిపోయినవాళ్లు దాన్ని పారిస్‌కీ, కాలిఫోర్నియాకీ తీసుకుపోయారు. లోకమంతా దాని పేరు వినబడింది ఆ తర్వాతే.

ఈ ముక్క చెప్పినప్పుడు ఖాలా డబ్బా మూత పెట్టడం ఆపింది. 1948 పోలీస్ యాక్షన్ తర్వాత ఆమె పెద్ద మామూ కరాచీ పోయారు. అక్కడ హైదరాబాద్ కాలనీ అని ఒక బస్తీనే ఉంది. ఖట్టీ దాల్, బఘారే బైంగన్, మన అచార్లు అమ్మే దుకాణాలకి ఆ బస్తీ మషూర్. మామూ వెళ్లేటప్పుడు ఇల్లు వదిలేశారు, పొలం వదిలేశారు, చింతపండు మాత్రం ఒక మూటెడు పట్టుకుపోయారని మా నానీ చెప్పేదట. “అక్కడ దొరకదని కాదు, నమ్మకం లేక” అంది ఖాలా. నేను అంతకుముందు వినని మాట అది.

పిల్ల అప్పుడు తన ఫోన్‌లో ఫోటో చూపించింది. హనోయి పాత బజారులో తెల్లటి మస్జిద్. అల్-నూర్ మస్జిద్. ఆ ఊళ్లో ఉన్న మస్జిద్ అదొక్కటే. 19వ శతాబ్దం చివర్లో అక్కడికి వ్యాపారానికి పోయిన హిందుస్తానీ ముస్లింలు కట్టారు. సైగాన్ నడిబొడ్డున డాంగ్ జూ వీధిలో ఇంకోటి ఉంది, 1935లో దక్షిణ భారతపు ముస్లింలు కట్టింది. తమిళ దేశం నుంచి, పుదుచ్చేరి, కారైకాల్ నుంచి పోయిన బట్టల వర్తకులు, వడ్డీ వ్యాపారులు, ఫ్రెంచి సర్కారు ముంషీలు ఆ రోజుల్లో అక్కడ చాలామందే. పుదుచ్చేరికీ సైగాన్‌కీ ఒకే ఫ్రెంచి జెండా. మన గోదావరి ఒడ్డు యానాం కూడా ఆ జెండా కిందిదే. వియత్నామీలో కర్రీని ‘కా రి’ అంటారు, దాన్ని ఫ్రెంచి రొట్టెతో అద్దుకు తింటారు. 1975 తర్వాత ఆ హిందుస్తానీ కుటుంబాల్లో ఎక్కువమంది వెళ్లిపోయారు. మస్జిద్ ఉంది, కా రి ఉంది. మా పిల్ల అల్-నూర్‌లో జొహర్ చదువుకుని బయటికొస్తే అక్కడొక ముసలాయన ‘ఇండియా?’ అని అడిగి చాయ్ ఇప్పించాడట.

నన్నూ అడుగుతుంటారు. ‘మీవాళ్లు అసలు ఎక్కడి నుంచి వచ్చారు?’ నా తెలుగు విని మెచ్చుకున్నాక సరిగ్గా ఈ ప్రశ్న వస్తుంది. డిగ్రీలో ఉన్నప్పుడు మొదటిసారి అడిగారు, మొన్న కిరాయికి ఇల్లు వెతుకుతుంటే ఆఖరుసారి అడిగారు. ఆలూరు అంటాను. ‘అది కాదు, అంతకుముందు?’ అంటారు. అంతకుముందు కూడా ఆలూరే.

ఆ రాత్రి గిన్నెల మీద వేసిన పుదీనా, కొత్తిమీర ఆలూరువే. చేవెళ్ల, మొయినాబాద్ మండలాలు పట్నానికి ఆకుకూరలు, కూరగాయలు పంపే ఇలాఖా. పాలీహౌసుల్లో గులాబీలు, జర్బెరాలు పెంచి షాదీఖానాల ముస్తాబుకీ పంపుతారు. ఈ రోడ్డు మీద పోలీస్ అకాడమీ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లలో వందల మర్రిచెట్లున్నాయి. నిజాం కాలంలో ముసాఫిర్లకి నీడ కోసం నాటినవి. రోడ్డు వెడల్పు చేయాలా, చెట్లుండాలా అని గ్రీన్ ట్రిబ్యునల్లో ఏళ్ల తరబడి కేసు నడిచింది. 2024 డిసెంబర్ 2న ఆలూరు స్టేజీ దగ్గర రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకునేవాళ్ల మీదికి లారీ దూసుకొచ్చింది. అక్కడికక్కడే ప్రాణాలు పోయాయి. ఖాలా కొత్తిమీర కొనేది ఆ వరుసలోనే. ఆ రోజు మోకాళ్ల నొప్పి అని పోలేదు. చెట్లని ప్రేమించే దోస్తులు నాకు ఇద్దరు ముగ్గురున్నారు, ఆ మర్రిచెట్ల కింద పెరిగినవాణ్ణి నేనూ. కానీ ఆ సంగతి తర్వాత ఆలూరులో కూర్చుని చెట్ల గురించి మాట్లాడాలంటే నోరు రావట్లేదు. రోడ్డు సరుకు తెస్తుంది, మనుషుల్ని తీసుకుపోతుంది. మర్తబాన్ రేవులోనూ ఇలాగే ఉండి ఉంటుంది.

మాటల్లో షోర్బా చల్లారిపోయింది. పిల్ల మళ్లీ వేడి చేసి తెచ్చింది. ఖాలా ఈసారి గిన్నె జరపలేదు. చెంచాతో ఇంత నోట్లో పోసుకుని, కళ్లు మూసి, వేళ్లతో లెక్కపెట్టింది. “లవంగ్... దార్చీనీ... అనాస్ ఫూల్... భునీ సో ప్యాజ్... అద్రక్.” కళ్లు తెరిచి మనవరాలిని చూసింది. “నిహారీకీచ్ బహెన్ హై రే. ఖట్టా కమ్ హై.” తనే లేచి నిమ్మకాయ కోసి పిండుకుంది. చేపల రసం సీసా మాత్రం తన వైపు రానివ్వలేదు.

మేస్త్రీ వచ్చే ఆదివారం వచ్చాడు. ఐదింట్లో రెండు తాఖ్‌లు పూడ్చారు, టీవీకి గోడ కావాలట. మూడు మిగిలాయి. ఖుర్ఆన్ షరీఫ్ ఉన్న చోటే ఉంది. ఊద్‌దాన్ పక్కన హనోయి గిన్నెలు చేరాయి. మర్తబాన్‌లు రెండూ చివరి తాఖ్‌లో ఇరుక్కుని కూర్చున్నాయి. వెదురు లైటు ఇంకా కాగితం చుట్టిన అట్టపెట్టెలోనే ఉంది, వైరింగ్ కుర్రాడు చేవెళ్ల నుంచి రావాలి.